ఒకే పెట్టెలో ముగ్గురు పిల్లలు

పిల్లల చదువుకి అసలు శత్రువు బడి. ఈ సత్యం తెలియక లోకమంతా బడులు కట్టుకుని, గంటలు కొట్టుకుని నానా అవస్థలూ పడుతోంది! నాకు ఏడాది క్రితం తెలిసింది. తెలిసిన వారంలోనే మా ముగ్గురు పిల్లల్నీ బడి మాన్పించి, ఇంట్లోనే చదువు మొదలుపెట్టాను. పత్రికకి కాలమ్ రాసుకునేవాణ్ణి, పొద్దస్తమానం ఇంట్లోనే ఉంటాను, ఇంకేం కావాలి?

నవ్వకండి. నవ్విన నాపచేనే పండుతుందంటారు. మా కిటికీ గట్టు మీద ఇరవై ఆరు గాజు సీసాల్లో చిక్కుడు గింజలు నానేశాం. అన్నీ బూజు పట్టాయి. దాన్నే పరిశోధన అంటారు.

ముందు ఎంపిక సంగతి చెప్పాలి. మా పెద్దమ్మాయికి పదమూడేళ్ళు, మధ్యవాడికి ఎనిమిది, చిట్టిదానికి నాలుగు. ముగ్గురికీ మూడు సిలబస్‌లంటే మూడు రకాల తలనొప్పులు. అందుకని రెండు వారాల పాటు భోజనాల బల్ల నిండా, ఇంటి చదువుల సామాను పెట్టెల్లో పెట్టి అమ్మేవాళ్ళ కేటలాగులు పరుచుకుని కూర్చున్నాను. ఇంటిల్లిపాదీ నిలబడే భోంచేశాం. మా ఆవిడ ఆస్పత్రిలో నర్సు. డ్యూటీ నుంచి వచ్చి, బల్ల మీద చెయ్యి పెట్టుకునే చోటు లేక, నిలబడే ఒక్క మాట అడిగింది.

"ఇందులో పెద్దదానికి ఏముందో చూశారా?"

చూడకేం! ఒక పెట్టె అట్ట మీదే రాసి ఉంది: "నాలుగేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ దాకా అందరికీ ఒకే పాఠం, అంతా చేతులతోనే!" ఒక్క దెబ్బకి మూడు పిట్టలు! పైగా ఉన్నవాటిలో పెద్ద పెట్టె కూడా అదే. విద్య విషయంలో నా ఓటు ఎప్పుడూ బరువుకే.

పెట్టె వచ్చింది. జిగురు, బంకమట్టి, రంగు కాగితాలు, వాటితో పాటు ఒక టీచర్ గైడు. మొదటి నెల పాఠం "విత్తనం". చిట్టిది గింజకి రంగు వేయాలి. మధ్యవాడు మొలకని స్కేలుతో కొలవాలి. పెద్దమ్మాయికి ఏమిచ్చారా అని చూస్తే, "పెద్ద పిల్లలు: చిన్నవారికి సాయపడండి" అని ఉంది.

ఎంత ఉదాత్తమైన పాఠం! రెండో నెల "నీరు". పెద్ద పిల్లలు: చిన్నవారికి సాయపడండి. మూడో నెల "అగ్నిపర్వతం". పెద్ద పిల్లలు: చిన్నవారికి సాయపడండి, తర్వాత నేల తుడవండి. పాఠం మెట్టుమెట్టుగా ఎలా కఠినమవుతోందో గమనించారా?

"నాన్నా, నాకు ఆల్జీబ్రా ఎప్పుడు?" అంది మా పెద్దమ్మాయి ఆ నెలలోనే. బడిలో అప్పుడే మొదలుపెట్టారట. మూడు క్లాసులు అయ్యాయో లేదో నేను మాన్పించేశానట.

"జీవితమే పెద్ద ఆల్జీబ్రా తల్లీ. ముందు చెల్లి జుట్టులోంచి ఆ జిగురు తియ్యి," అన్నాను.

తీసింది. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. పిల్లలకి ఇంత సహనం నేర్పే సిలబస్ ఇంకెక్కడైనా దొరుకుతుందా, మీరే చెప్పండి!

చేతులతో చేసే చదువులో లోపం లేకపోలేదు. ఆ లోపం పిల్లల చేతులు. వాళ్ళు కట్టిన అగ్నిపర్వతం ఒక పక్కకి ఒరిగిపోయింది. నెలనెలా పని జరుగుతుండగా ఫొటోలు తీసి పంపాలి, పెట్టెవాళ్ళ మేడం ఒకావిడ చూసి రిమార్కు రాస్తుంది. ఒరిగిన అగ్నిపర్వతం పంపితే నా పరువేం కాను? అందుకని నేనే కూర్చుని అట్టముక్కలు కోశాను, కాగితం గుజ్జు పట్టించాను, వంట సోడాలో వెనిగర్ పోసి పొంగించాను. తర్వాతి నెలల్లో వంతెన కట్టాను, గాలిమర నిలబెట్టాను, మనిషి గుండె చేసి అందులో ఎర్రనీళ్ళు పారించాను. ఇల్లు పీకి పందిరేశాననుకోండి. మధ్యవాడు కత్తెర అందించేవాడు. చిట్టిది ఫొటోలో పక్కన నిలబడేది.

మేడం రిమార్కు ఇప్పటికీ దాచుకున్నాను. "మీ చిన్నమ్మాయి చేతిపని అమోఘం. కానీ ఫొటోల్లో నాలుగేళ్ళ పాప చేతుల మీద అంత దట్టంగా వెంట్రుకలు కనిపిస్తున్నాయి. ఒకసారి డాక్టరుకి చూపించగలరు."

మా ఆవిడ దాన్ని రెండుసార్లు చదివింది, రెండోసారి పైకి. నేను మాత్రం నిరుత్సాహపడలేదు. మర్నాటి నుంచి గ్లౌజులు వేసుకున్నాను.

ఫలితాలు మీకు తెలిసినవే! నేను గాలిమరతో తలమునకలుగా ఉండగానే చిట్టిది అక్షరాలు దిద్దింది. గుండె ఆరేలోగా మధ్యవాడు ఎక్కాలు ఒప్పజెప్పాడు. అంతా బంకమట్టి మహిమేనని ఈ కాలమ్‌లోనే రాశాను. మెచ్చుకుంటూ ఉత్తరాలు రాసిన పాఠకులకి ధన్యవాదాలు.

మొన్న మళ్ళీ ఎంపిక వేళ వచ్చింది. గ్లౌజులతో గురుగ్రహానికి రంగు వేస్తూనే ముగ్గుర్నీ పిలిచి, "వచ్చే ఏడాది ఎవరికి ఏం కావాలో చెప్పండర్రా!" అన్నాను. మధ్యవాడు రోబో కావాలన్నాడు. చిట్టిది తనకి ఖాళీ పెట్టె చాలంది. పెద్దమ్మాయి లోపలికెళ్ళి రెండు కాగితాలు తెచ్చి కేటలాగుల మీద పెట్టింది.

మొదటిది తన పాత బడి అడ్మిషన్ ఫారం. అంతా తనే నింపింది. వారంలో ప్రవేశ పరీక్షట. తండ్రి సంతకం దగ్గర పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టి ఉంది.

రెండోది నాకు. పైన "నేను బడికెళ్ళాక నాన్న చెయ్యాల్సినవి" అని రాసి ఉంది.

"ఏడున్నర: చెల్లికి అక్షరాలు. పలక మీదే. ఇసుకలో రాయిస్తే తినేస్తుంది. ఖ దగ్గర ఏడుస్తుంది, తొందరపెట్టకు. ఎనిమిదిన్నర: తమ్ముడికి ఎక్కాలు. ఏడెనిమిదుల దగ్గర ఆగిపోతాడు, మెట్లెక్కుతూ చెప్పించు. పదకొండు: వాడి చదువు. బొమ్మ చూసి కథ ఊహించి చెప్పేస్తాడు. బొమ్మ మీద చెయ్యి అడ్డం పెట్టి చదివించు."

అట్టడుగున "మూడు గంటలకి: నా లెక్కలు, టైం ఉంటే" అని రాసి, కొట్టేసి ఉంది.

"ఇదంతా ఎప్పట్నించి?" అన్నాను.

"రెండో నెల నించి. నువ్వు పనిలో ఉంటే కదిలించొద్దన్నావుగా."

"మరి నీ ఆల్జీబ్రా?"

"సెలవు దొరికిన రోజు అమ్మ చెప్పింది. కొంచెం వచ్చింది. పరీక్షకి చాలుతుందో లేదో." ఆ మాట అంటున్నప్పుడు గోరు కొరుక్కుంది. తనకది ఇంత భయంగా ఉందని నాకు తెలియదు. నాకు సిగ్గేసింది.

అయినా నా వాదన మారదు. ఇంటి చదువు దివ్యమైనదే! మా ఇంట్లో ఏడాది పొడుగునా ఒక మంచి టీచరు పనిచేసింది. చిన్నవాళ్ళిద్దరిలో ఎవరు ఎక్కడ ఏడుస్తారో, ఎక్కడ ఆగిపోతారో ఆవిడకి తెలుసు. నేనెక్కడ ఆగిపోతానో మాత్రం రాయలేదు. రాసుంటే ఒక పేజీ చాలేది కాదు. ఆవిడ వయసు పదమూడు. ఇప్పుడు రాజీనామా ఇచ్చింది.

పెన్ను తీసుకున్నాను.

"నాన్నా, ముందు గ్లౌజులు తియ్యి. ఫారం పాడవుతుంది," అంది.

తీసి, సంతకం పెట్టాను. ఏడాది మొత్తంలో మా పెద్దమ్మాయి చదువు కోసం నా చేతులతో నేను చేసిన పని అదొక్కటే.