ఉత్పలమాల అపహరణ

"ఈ లోకంలో నేరస్థులు రెండే రకాలు. నాకు దొరికిన వాళ్ళు, ఇంకా దొరకాల్సిన వాళ్ళు!" ప్రెస్సు గుమ్మంలో నిలబడి గంభీరంగా ప్రకటించాడు భూతద్దం బావ.

మొదటి రకంలో ఇంతవరకూ ఒక్కడూ లేడని ప్రూఫ్ రీడరుకు తెలుసు. అయినా అక్క మొగుడు. పైగా బావ చేతిలో అక్క పంపిన క్యారియర్ ఉంది. అందుకని ఆ మాట మింగేసి మాస్టారికి ఫోన్ చేశాడు.

"మాస్టారూ, కొంప మునిగిందండీ! ఉత్పలమాల కనబడట్లేదు. చంపకమాల కూడా. నిన్నటిదాకా నా బల్ల మీదే ఉన్నాయి!"

మాస్టారు ముప్ఫై ఏళ్ళు కూర్చుని చేత్తో రాసుకున్న సాహిత్య పదాల నిఘంటువు అచ్చుకొచ్చింది. అందులో నాలుగు కాగితాలు మాయమయ్యాయి. వాటికి నకలు లేదు. సాయంత్రంలోగా టైపు చేసి మెషిన్ ఎక్కించకపోతే ఉద్యోగం ఊడుతుందని యజమాని పొద్దున్నే చెప్పి వెళ్ళాడు. ఉద్యోగం పోతే అక్క ఇంట్లో మకాం. అంటే మూడు పూటలా బావ ఉపన్యాసాలు. ఆ ఊహకే ప్రూఫ్ రీడరుకు చెమటలు పట్టాయి.

"రెండు హారాలు మాయం!" బావ భూతద్దం బయటికి తీశాడు. "ఎన్ని తులాలు?"

"హారాలు కావు బావా, పద్యాలు."

"ముఠా భాష నాకు నేర్పకు." బావ బల్ల మీది విషయసూచిక లాక్కున్నాడు. "గురువు, లఘువు. అంటే పెద్ద దొంగ, చిన్న దొంగ. గణాలు, అంటే ముఠాలు! మత్తేభం, శార్దూలం! ఓహో, ఏనుగుల్నీ పులుల్నీ కూడా దాటిస్తున్నారన్నమాట!"

"అవీ పద్యాలే. గురువంటే కాస్త ఎక్కువసేపు పలికే అక్షరం."

"నాలుగు తగిలిస్తే వాడే ఎక్కువసేపు పలుకుతాడు. మరి ఈ యతి ఎవడు? సన్నాసి వేషంలో ఉన్నాడా?"

"యతంటే పద్యం పాదంలో ఆగే చోటు."

"దాక్కునే చోటు! ఎక్కడ?"

"ఉత్పలమాలకైతే పదో అక్షరం దగ్గర."

"పదో గది!" అంటూ బావ లోపలికి దూసుకుపోయాడు. ఆ ప్రెస్సులో ఉన్నవే మూడు గదులు. మూడూ రెండేసి సార్లు వెతికి, లెక్క కుదరక, ఒళ్ళంతా సిరా పూసుకుని తిరిగొచ్చాడు.

ఈలోగా ప్రూఫ్ రీడరు అలమార, సంచులు, చెత్తబుట్ట అన్నీ బోర్లించాడు. ఏమీ దొరకలేదు.

అంతలో బైండరు వాకిట్లోంచి కేకేశాడు. "గురువుగారొచ్చారండోయ్!"

"దొరికాడు ముఠా నాయకుడు!" బావ పులిలా లంఘించాడు. పులికి కుర్చీ అడ్డం వచ్చింది. కుర్చీ బల్లకు తగిలింది, బల్ల వెల్లకిలా పడింది, దాని పక్కన బావ బోర్లా పడ్డాడు. గుమ్మంలో మాస్టారు గొడుగు అడ్డం పెట్టుకుని కొయ్యబారిపోయారు.

గాల్లోకి లేచిన బల్లకాలికి ఒక కాగితాల మడత అతుక్కుని ఉంది. ప్రూఫ్ రీడరు దాన్ని లాగి విప్పాడు. ఉత్పలమాల! దాని వెనకే చంపకమాల!

మాస్టారు నాలిక కరుచుకున్నారు. "నిన్న ఇక్కడ కూర్చుని దిద్దుతుంటే బల్ల ఒకటే ఊగిపోయింది నాయనా. చిత్తు కాగితాలనుకుని మడిచి కాలి కింద పెట్టాను."

ప్రూఫ్ రీడరుకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆయన కాళ్ళ మీద పడదామా, మెడ పట్టుకుందామా అని ఒక్క క్షణం ఆలోచించి, కాగితాలు గుండెలకు హత్తుకున్నాడు.

బావ లేచి చొక్కా దులుపుకున్నాడు. "బల్ల కింద ఉన్నాయని నాకు మొదటే తెలుసు. అందుకే పడ్డాను."

మాస్టారు బావను ఎగాదిగా చూశారు. "ఆహా, ఏం మేధస్సు బాబూ! కళ్ళు పనిచెయ్యకపోయినా మోకాళ్ళతో నేరం పట్టే మొనగాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను." తర్వాత ప్రూఫ్ రీడరు వైపు తిరిగారు. "వ్యాజస్తుతికి ఉదాహరణ ఖాళీగా వదిలేశాను కదూ? ఇదే రాసెయ్."

"వ్యాజస్తుతంటే ఏంట్రా?" బావ చెవిలో అడిగాడు.

"పొగుడుతున్నట్టే ఉంటుంది బావా. నిజానికది..."

"చాల్చాలు!" బావ కాలరు సర్దుకున్నాడు. "కింద నా పేరు పెద్దక్షరాల్లో వెయ్యమను."