అలుగు కోసం నిండిన హాలు

శనివారం పొద్దున పార్సిప్పనీ లైబ్రరీ హాలును ఎలాగైనా జనంతో నింపాలి. భావన పెట్టుకున్న పని ఆ ఒక్కటే.

ఆసియా ఖండపు వన్యప్రాణులను న్యూజెర్సీలో కూర్చుని కాపాడే సంస్థ ఒకటుంది. ఆమె అందులో పనిచేస్తుంది. అక్కడ పులికో సెక్షన్, మంచు చిరుతకో సెక్షన్ ఉన్నాయి గానీ, ఆఫీసు మొత్తం భయపడే ప్రాణి మాత్రం డైరెక్టర్ హెలెన్ ఒక్కతే. భావన వంతుకు అలుగు వచ్చింది. ఒళ్లంతా పొలుసులతో, చీమలు తిని బతికే ఆ అమాయకపు జంతువుకు అభిమానులు లేరు. "మీ వాళ్లకే పట్టనిది మనకెందుకు? హాలు నిండకపోతే ఆ ప్రాజెక్టు ఆపేద్దాం. మంచు చిరుత ఫోటోల్లో బాగా పడుతుంది" అని హెలెన్ తేల్చేసింది. ఆగితే భావన పడ్డ పాట్లతో పాటు, తూర్పు కనుమల్లో అలుగుల వెంట తిరిగే ఉదయ్ ఉద్యోగమూ పోతుంది. ఆ ఉదయే ఉపన్యాసం ఇవ్వడానికి వచ్చి ఉన్నాడు.

వాట్సాప్ ఆహ్వానంలో భావన ముందు అలుగు ఫోటో కూడా పెట్టింది. భర్త నిశాంత్ చూసి, "పెద్ద బల్లిలా ఉంది. ఇది చూశాక ఎవరొస్తారే? డిలీట్ చేసెయ్" అన్నాడు. చేసేసింది. రెండు ముక్కలు మిగిలాయి: "మన అలుగు ప్రమాదంలో ఉంది. రండి, కాపాడుకుందాం."

వాళ్లింటికి వచ్చి ఉన్న మామగారు రాజగోపాల్ దాన్ని తన వాకింగ్ గ్రూపుకు పంపారు. ఆయన సూర్యాపేట వైపు ఇరిగేషన్ ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. కోడలి ఉద్యోగమేమిటో ఏనాడూ అడిగినవారు కారు. ఏదో పర్యావరణం అనుకుని ఊరుకున్నారు.

హాలు నిండింది. కుర్చీలు చాలక గోడల వెంట నిలబడ్డారు. హెలెన్ కనుబొమలు పైకి లేచాయి. మామగారి చంకలో కాగితపు చుట్టలు కనబడేదాకా భావన ఆనందానికి హద్దు లేదు.

"అవేంటి మావయ్యగారూ?"

"డిజైన్ బిడ్డా. అలుగు కొత్తగ కట్టుడే మంచిది. పాతదానికి రిపేర్లు దండగ."

విశాఖలో పెరిగిన భావనకు అలుగంటే జంతువే. ఆయన వైపు ఊళ్లలో అలుగంటే, చెరువు నిండినప్పుడు మిగులు నీరు పొర్లిపోయే రాతికట్టు. ఆమె నోరు తెరిచేలోగా హెలెన్ వచ్చి పక్కన కూర్చుంది. ప్రొజెక్టరేమో ఉదయ్ లాప్‌టాప్‌ను గుర్తించనంది.

"ఫోటోలు లేకపోయినా చెప్పేస్తానండి" అని ఉదయ్ మొదలుపెట్టాడు. "మన అలుగు పరిస్థితి అస్సలు బాలేదండి. రాత్రిపూట చాటుగా బయటికెళ్తుంటుంది."

"రాత్రిళ్లు నీళ్లు పోతున్నయన్నట్టు. యాడనో బుంగవడ్డది!" అన్నారు రాజగోపాల్.

"భయపడితే ముడుచుకుపోతుందండి."

"పగుళ్లు! నేనప్పుడే చెప్పిన."

"ముఖ్యంగా చీమలు, చెదలు తింటుంది."

వెనక వరసలోంచి పాపయ్య లేచాడు. రాజగోపాల్‌కు వాకింగ్‌లో జోడీ ఆయన. "రాతికి చెదలేంది బాబూ? సిమెంట్ల ఏం కలిపిన్రు?"

ఉదయ్‌కు ప్రశ్న అర్థం కాలేదు, ఆవేశం మాత్రం అంటుకుంది. "అసలు బాధేంటంటే, పొలుసులు ఒలిచేసి దొంగతనంగా విదేశాలకు అమ్మేస్తున్నారండి!"

"రాళ్లు ఊడవీకి అమ్ముకుంటున్నరా? ఏ కాంట్రాక్టరు? పేరు చెప్పు!" అని రాజగోపాల్ గర్జించారు.

హాలు హాలంతా లేచి నిలబడింది.

"ఏమంటున్నారు?" అని హెలెన్ భావన చెవిలో అడిగింది.

"దోషుల పేర్లు బయటపెట్టమంటున్నారు." అది అబద్ధం కాదు.

"మరి ఆ పెద్దాయన?"

"పునర్నిర్మాణం తప్ప దారి లేదంటున్నారు." అదీ నిజమే.

సరిగ్గా అప్పుడే ప్రొజెక్టరుకు ప్రాణం వచ్చింది. తెర నిండా పొలుసులు, సన్నటి మూతి, మెరిసే చిన్న కళ్లు. లేచినవాళ్లు లేచినట్టే తెరకేసి చూశారు.

"గిదేం జంతువు?" అన్నాడు పాపయ్య.

"ఇదేనండి అలుగు" అన్నాడు ఉదయ్.

చూపులన్నీ రాజగోపాల్ మీదికి తిరిగాయి. ఆయన మాట మీద శనివారం నిద్ర మానుకుని వచ్చినవాళ్లు వాళ్లంతా. ప్రాజెక్టు పని అయిపోయిందని భావన కళ్లు మూసుకుంది.

రాజగోపాల్ కాగితపు చుట్టలను కాలితో కుర్చీ కిందికి తోసి లేచారు. సర్వీసులో ఉన్నంతకాలం ఒక్క పొరపాటు కూడా ఒప్పుకోని మనిషి.

"మరేమనుకున్నరు? నాకు ముందే ఎరుక. చెదల్ని ఇది తింటది కాబట్టే మన చెరువుకట్టలు నిలవడ్డయి. దీన్ని బతికియ్యకుంట ఎన్ని అలుగులు కడితే ఏం ఫాయిద?"

"నాకూ ఎరుకే" అన్నాడు పాపయ్య వెంటనే. ఆ తర్వాత హాల్లో తెలియనివాళ్లెవరూ మిగల్లేదు. చప్పట్లు మోగిపోయాయి.

హెలెన్ కళ్లు తుడుచుకుంది. "ఒక జంతువు కోసం ఇంత కోపం నేనెక్కడా చూడలేదు. ప్రాజెక్టు ఆపం, ఇంకా పెంచుదాం. ఇంతకీ ఆయనెవరు?"

"మా మామగారు" అంది భావన, గుండె నిండా ఊపిరి పీల్చుకుని.

"ఇంకా మంచిది. గౌరవ సలహాదారుగా ఉండమందాం. ఇకమీదట నీ రిపోర్టులన్నీ ముందు ఆయనే చూస్తారు."

సోమవారం నుంచి భావన ఆఫీసులో కూడా మామగారికే జవాబు చెప్పుకుంటోంది.