వదిన గొంతు ఏ అరలో?

పెట్టిన వస్తువు పెట్టిన చోటే దొరకడం అంత దరిద్రం ఇంకోటి లేదు!

కోప్పడకండి. నిదానంగా ఆలోచించండి. కళ్లజోడు బల్ల మీదే దొరికిందనుకోండి. తీసి పెట్టుకుంటారు, పేపరు చదువుతారు, లోకం మీద విరక్తి పుడుతుంది. అంతే కదా? అదే దొరక్కపోతే? మంచం కిందికి వంగుతారు, అటక మీదికి పాకుతారు, ఇంట్లో ఉన్నవాళ్లందర్నీ పేరుపేరునా పలకరిస్తారు. ఒంటికి వ్యాయామం, ఇంటికి సందడి! కళ్లజోడు దొరక్కపోయినా నిరుడు పోయిన గొడుగు దొరుకుతుంది.

ఈ సత్యాన్ని మనకంటే ముందే కనిపెట్టినవాళ్లు లినక్స్ కంప్యూటర్ల ఇంజనీర్లు. లినక్స్ అంటే తెలియనివాళ్లు కంగారు పడకండి. తెలిసినవాళ్లే ఎక్కువ కంగారులో ఉన్నారు. కంప్యూటరును ఒక పెద్ద బీరువా అనుకోండి. అందులో అరలుంటాయి. వాటిని వాళ్లు డైరెక్టరీలంటారు. ఏ అరలో ఏం పెట్టాలో అందరికీ కలిపి ఒక ఉమ్మడి పద్ధతి కూడా ఉంది. ఇంట్లో తాతగారిని గౌరవించినట్టు దాన్ని అందరూ గౌరవిస్తారు. అంటే, కుర్చీ వేసి కూచోబెట్టి, ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్లు చేసుకుంటారు.

ఆ అరల పేర్లు వింటే ముచ్చటేస్తుంది. 'యూఎస్ఆర్' అని ఒకటుంది. యూజర్ల సామాను ఉంటుందేమో అనుకుంటాం. అక్కడ యూజర్ల సామాను తప్ప అన్నీ ఉంటాయి! 'ఈటీసీ' అని ఇంకోటి. ఈటీసీ అంటే వగైరా. వగైరాయే కదా అని చెయ్యి పెట్టేరు! కంప్యూటరు గుట్టంతా అక్కడే ఉంటుంది. ఇంటి దస్తావేజులు పట్టుకెళ్లి 'పాత గుడ్డలు' అని రాసిన డబ్బాలో దాచే తెలివి మనకుందా?

ఇంతటి మహానుభావుల మధ్య మా వదిన ఎలా పడిందో చెబుతాను.

మా వదిన, అంటే మా అన్నయ్య భార్య, బస్టాండులో అనౌన్సరు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫామ్ మీదికి వస్తుందో మైకులో చెప్పడం ఆవిడ ఉద్యోగం. ఆవిడ ఒక ఊరి పేరు చెబితే, అక్కడ పనేమీ లేనివాళ్లకి కూడా ఓసారి వెళ్లొద్దామా అనిపించేది. అలాంటి గొంతులో ఈ మధ్య బుడిపెలు లేచాయి. డాక్టరు ఆపరేషన్ తప్పదన్నాడు. "అప్పటిదాకా ఒక్క మాట కూడా మాట్లాడకండి. ఆ తర్వాత పాత గొంతే వస్తుందని మాత్రం నేను చెప్పలేనమ్మా" అన్నాడు.

వదిన ఏడవలేదు. తిన్నగా బస్టాండుకి వెళ్లి, మైకు గదిలో తలుపేసుకుని, ఊళ్ల పేర్లన్నీ, బస్సు నంబర్లన్నీ, ప్లాట్‌ఫామ్‌లన్నీ రికార్డు చేసింది. ఆలస్యంగా వచ్చే బస్సులకి క్షమాపణ కూడా రెండు రకాలు చెప్పింది. మామూలు ఆలస్యానికొకటి, సిగ్గుపడాల్సిన ఆలస్యానికొకటి. సాయంత్రం ఇంటికొచ్చి, "ఇక నా పని ఆ కంప్యూటరు చూసుకుంటుంది మరిదిగారూ. రేపట్నుంచి నేను నోరు మూసుకుంటాను. మీ అన్నదమ్ములిద్దరూ కొట్టుకోకుండా ఉండండి చాలు" అంది. మౌనానికి ముందు అదే ఆవిడ ఆఖరి మాట.

మా బస్టాండులో అంతా సవ్యంగానే నడిచింది. వదిన కళ్లతో కసిరేది, మైకులో పలికేది. కానీ సవ్యంగా నడిచేవాటిని పైఆఫీసువాళ్లు ఎన్నాళ్లు చూస్తూ ఊరుకుంటారు? "ఈ గొంతు అన్ని బస్టాండ్లలోనూ వినిపించాలి. అలా అయితే ఆవిడ ఉద్యోగానికి ఢోకా లేదు. లేదంటే మెషిన్ గొంతు కొనేస్తాం. మేమే వచ్చి చూస్తాం" అన్నారు.

ఇక్కడే వచ్చింది చిక్కు. ఒక్కో బస్టాండు కంప్యూటర్లో అరల అమరిక ఒక్కో రకం. దాంతో ఉమ్మడి పద్ధతిని మెరుగుపరచడానికి కమిటీ వేశారు. గొంతు ఆవిడది కాబట్టి వదినని పిలిచారు. ఆవిడ మాట్లాడకూడదు కాబట్టి తన నోరుగా నన్ను వెంటబెట్టుకెళ్లింది. నేను నోరు విప్పబోయినప్పుడల్లా కాలు తొక్కింది.

పద్ధతి ప్రకారం మారని వస్తువులకి 'యూఎస్ఆర్'లో చోటు, మారుతూ ఉండేవాటికి 'వార్' అనే మరో అరలో చోటు. మా బస్టాండు పెద్ద ఇంజనీరు గొంతు సవరించుకున్నాడు. "రికార్డు చేసిన గొంతు మారదు. కాబట్టి యూఎస్ఆర్."

పక్క బస్టాండు చిన్న ఇంజనీరు లేచాడు. "మారదని మీరెలా అంటారు సార్? ఆవిడ గొంతుకి రేపో మాపో ఆపరేషన్! కొత్త గొంతు వస్తే మళ్లీ రికార్డు చెయ్యరా? వార్‌లోనే పెట్టాలి."

ఎదురుగా కూచున్న మనిషి గొంతు గురించి ఎంత శాస్త్రీయంగా మాట్లాడారంటారు! వదిన తల అటూ ఇటూ తిప్పుతూ కూచుంది. మామూలు రోజుల్లో అయితే, "ఎక్కడో చోట తగలెయ్యండి, కానీ అందరూ అక్కడే తగలెయ్యండి!" అని ఒక్క అరుపుతో మీటింగు ముగించేది. కానీ అరిచే వస్తువు గురించే కదా చర్చ!

చివరికి రాజీ కుదిరింది. గొంతు యూఎస్ఆర్‌లోనూ ఉంటుంది, వార్‌లోనూ ఉంటుంది. పరీక్షించి చూడమని మిగతా బస్టాండ్లకి కూడా తలో కాపీ పంపారు. చప్పట్లు కొట్టారు. టీలు తాగారు.

రాజీ అయితే కుదిరింది గానీ, మనసు కుదరొద్దూ? ఒకే వస్తువు రెండు చోట్ల ఉండటం చిన్న ఇంజనీరుకి కంట్లో నలుసైంది. ఎవరికీ చెప్పకుండా మా కంప్యూటర్లోకి దూరి, యూఎస్ఆర్‌లో ఉన్న గొంతు తుడిచేసి, అక్కడ 'లింకు' పెట్టాడు. లింకంటే బోర్డు లాంటిది. 'వార్‌లో చూడుము' అని. దూరం నుంచి చూస్తే బోర్డు కూడా అసలు సరుకులాగే కనబడుతుంది. అదే మధ్యాహ్నం పెద్ద ఇంజనీరు, యూఎస్ఆర్‌లో సరుకు భద్రంగా ఉందనుకుని, వార్‌లో ఉన్నది తుడిచేసి అక్కడో బోర్డు పెట్టాడు. 'యూఎస్ఆర్‌లో చూడుము' అని.

మరి బ్యాకప్, అంటే విడిగా దాచిన నకలు, లేదా అంటారా? ఎందుకు లేదు! పద్ధతి ప్రకారం ఆ సాయంత్రమే కొత్త బ్యాకప్ తీశారు, పద్ధతి ప్రకారం పాతది చెరిపేశారు. ఆ రెండు బోర్డులూ ఇప్పుడు రెండు చోట్ల క్షేమంగా ఉన్నాయి.

పైఆఫీసువాళ్లు వచ్చారు. మైకులు నోరెళ్లబెట్టాయి. కంప్యూటరు యూఎస్ఆర్‌కి వెళ్తే వార్‌కి పొమ్మంది, వార్‌కి వెళ్తే యూఎస్ఆర్‌కి పొమ్మంది. కాసేపు తిరిగి తిరిగి 'ఈ తిరుగుడు నావల్ల కాదు' అని అది చేతులెత్తేసింది. యంత్రానికైనా ఓ హద్దుంటుంది. ఇంజనీర్లకి లేదు.

అయినా బస్టాండులో ఎంత ఆత్మీయత వెల్లివిరిసిందో మీరు చూడాల్సింది! ఏళ్ల తరబడి ఒకరి మొహం ఒకరు చూడనివాళ్లు "మీదే బస్సు? మాదే బస్సు?" అని చేతులు పట్టుకుని అడుగుతున్నారు. ఓ పెళ్లివారు వేరే బస్సెక్కి వేరే పెళ్లికి వెళ్లి, ఆ పెళ్లికొడుకే బాగున్నాడని మెచ్చుకొచ్చారు. ఉద్యోగం ఇంటర్వ్యూకి బయల్దేరిన కుర్రాడు సముద్రం ఒడ్డున దిగి జీవితం గురించి ఆలోచించాడు. సౌకర్యాలుంటే ఇవన్నీ జరుగుతాయా?

ఒక్క వదినకి మాత్రం ఇందులో ఉన్న మేలు అర్థం కాలేదు. చంకలో పిల్లాడు, చేతిలో సంచీతో ఒకామె ప్లాట్‌ఫామ్‌లన్నీ తిరుగుతోంది. ఆవిడెక్కాల్సిన బస్సు ఆవిడ వెనకే కదలడానికి హారను కొడుతోంది. వదిన లేచింది. నేను చెయ్యి పట్టుకున్నాను. విదిలించుకుని మైకు గదిలోకి వెళ్లి స్విచ్ నొక్కింది.

బస్సు నంబరు, ఊరి పేరు, ప్లాట్‌ఫామ్. అంతే చెప్పింది. అరిగిపోయిన చీపురుతో గచ్చు ఊడ్చినట్టు వచ్చింది గొంతు. సంచీ ఆవిడ పరిగెత్తి బస్సెక్కింది. పక్కనే నిలబడ్డ పాత కూలీ తలెత్తి స్పీకరు వంక చూసి, "ఎవరో కొత్తావిడని పెట్టారే!" అన్నాడు.

వదిన విన్నది.

చిన్న ఇంజనీరు ఎగిరి గంతేశాడు. "చూశారా సార్? మారింది! నేను చెప్పలేదూ, వార్‌లో పెట్టాలని!"

పెద్ద ఇంజనీరు కాసేపు ఆలోచించి, "పాయింటే" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. వ్యంగ్యం రాసుకుని బతికేవాణ్ని, ఇలాంటివి దొరికితే పండగ చేసుకోవాలి. అయినా మండింది. వదిన మైకు ఆపేసి, గొంతు మీద చెయ్యి వేసుకుని అక్కడే కూచుండిపోయింది.

పైఆఫీసువాళ్లు మెషిన్ గొంతు కొననే కొన్నారు. కానీ పెట్టె ఇంకా విప్పలేదు. దాన్ని ఏ అరలో పెట్టాలో కమిటీ తేల్చలేదు. తేలేదాకా వదిన ఉద్యోగం వదినదే! ఇప్పుడు చెప్పండి, ఇది వరం కాదూ?

కాదు. నాకూ తెలుసు. ఇంతసేపూ దొరక్కపోవడమే వరం అని ఎందుకు వాదించానంటే, 'గొంతు పోయినది' అని మొదటి లైన్లోనే రాసి ఉంటే ఎడిటరుగారు దీన్ని ప్రకటనల పేజీలోకి తోసేసేవారు. అక్కడ మీరు చదవరు.

వదినకి వచ్చే వారం ఆపరేషన్. తర్వాత ఏ గొంతు వస్తుందో డాక్టరుకే తెలియదు. పాతది మా కంప్యూటర్లో లేదు. కానీ పరీక్ష కోసం పంపిన కాపీలు మిగతా బస్టాండ్లలో ఉండాలి. అడిగితే అందరిదీ ఒకే జవాబు, "ఎక్కడో పెట్టాం" అని. మీలో ఆ కంప్యూటర్ల దగ్గర పనిచేసేవాళ్లుంటే, మీకు పుణ్యముంటుంది, అరలన్నీ ఒక్కసారి వెతకండి. ఆడగొంతు. వాక్యం చివర కొంచెం నవ్వు దాచుకున్నట్టుంటుంది. వినబడగానే గుర్తుపడతారు, మీరూ ఎప్పుడో ఒకప్పుడు మా బస్టాండులో బస్సెక్కే ఉంటారుగా.

దొరికితే తిన్నగా మా వదినకి తెచ్చి ఇవ్వండి. ఏ అరలో దొరికిందో మాత్రం ఎవరితోనూ అనకండి. కమిటీ మళ్లీ కూచుంటుంది.