కుర్చీకి కట్టిన కుక్క

ఆదివారం పొద్దున్నే ముడి గుమాస్తా గాలపు కర్ర భుజాన వేసుకుని, చప్పుడు కాకుండా వీధి తలుపు గడియ తీస్తుండగా వెనక నుంచి భార్య గొంతు వినపడింది.

"చిన్నోడిని కూడా తీసుకెళ్ళండి."

చిన్నోడంటే వాళ్ళ కుక్క. ఆ ఇంట్లో పెద్దోడంటూ ఎవరూ లేరు. అయినా ఆవిడ దాన్ని చిన్నోడనే పిలుస్తుంది, మొగుణ్ణి కూడా అలాగే పిలవమంటుంది. చిన్నోడు దూడంత ఉంటాడు. తోక ఊపాడంటే బల్ల మీద గ్లాసులు మిగలవు.

"చేపలు పట్టే చోటికి కుక్కేమిటే?"

"తలుపులకి రంగెయ్యడానికి పనివాళ్ళొస్తున్నారు. పోయినసారి వీడు తడి రంగుకి ఒళ్ళు రుద్దుకుని, వెళ్ళి పక్కింటావిడ ఆరేసిన దుప్పట్లకి తుడుచుకొచ్చాడు. ఆవిడ ఇప్పటికీ నాతో మాట్లాడట్లేదు."

"అక్కడ అరిచి గోల చేస్తే?"

"వాడు అరవడు. పిలిస్తే రాడు కూడా. బిస్కెట్టు చూపించండి, ఎక్కడున్నా పరిగెత్తుకొస్తాడు" అంటూ ఆవిడ ఒక పొట్లం ఆయన జేబులో దూర్చి, తాడు చేతికిచ్చి, తలుపు వేసేసుకుంది.

ముడి గుమాస్తా పార్సిలు ఆఫీసులో పనిచేస్తాడు. అసలు పేరు జీతం రోజున తప్ప ఎవరికీ గుర్తు రాదు. ఆయన కట్టిన పార్సిలు అందుకున్నవాళ్ళు కత్తెరతో కోసుకోవాల్సిందే తప్ప ముడి విప్పలేరు. దీని మీద ఫిర్యాదులు కూడా వచ్చాయి. ఆయన వాటిని ప్రశంసలుగా స్వీకరించాడు. ఆ ఆఫీసులో పొద్దస్తమానం పెట్టెలకు మేకులు దిగ్గొట్టే చప్పుడు, తూకం దగ్గర తగాదాలు, కిటికీ అవతల జనం కేకలు. ఇంటికొస్తే రేడియో, పైవాటాలో దర్జీ మిషను, వీటన్నిటికీ పైన భార్య గొంతు. ఇక మిగిలింది ఆదివారం పొద్దుట చెరువు గట్టు. చేపలు పడతాయా అంటే, పడితే పడతాయి. పడ్డా ఆయనకు పెద్ద సంబరం లేదు. అక్కడ ఎవరూ మాట్లాడరు. ఆయనకు అంతే కావాలి.

ఇప్పుడు దానికే ఎసరొచ్చింది. వచ్చే నెల నుంచి పార్సిలు ఆఫీసు ఆదివారం కూడా తెరవాలని పైనుంచి ఆర్డరు వచ్చింది. ఉన్నది ఇద్దరు గుమాస్తాలు, ఈయనా, కళ్ళజోడు గుమాస్తా. ఇద్దరిలో ఎవరు ఆదివారం కూర్చోవాలో మర్నాడు చేరబోయే కొత్త సూపరింటెండెంటు తేలుస్తాడు. కళ్ళజోడు గుమాస్తా అప్పుడే పూలగుత్తి పురమాయించాడని, స్వాగత వచనాలు బట్టీ పడుతున్నాడని భోగట్టా. ముడి గుమాస్తాకు అలాంటివి చేతకావు. కొత్తాయన మనసు కాస్త మెత్తనిదైతే చాలని కోరుకుంటూ గట్టెక్కాడు.

గట్టు మీద ఆయన ఎప్పుడూ కూర్చునే చోట ఒక కొత్తమనిషి ఉన్నాడు. భారీ విగ్రహం. మడత కుర్చీలో నీళ్ళకేసి తిరిగి, కళ్ళ మీదికి టోపీ లాక్కుని కూర్చున్నాడు. ఆయన గాలపు కర్ర పక్కన నేలలో గుచ్చి ఉంది. ముడి గుమాస్తా కాస్త ఎడంగా తన సరంజామా దించుకున్నాడు. ఎర గుచ్చడానికి రెండు చేతులూ కావాలి. ఒక చెయ్యేమో చిన్నోడి తాడుకే సరిపోతోంది, వాడు అప్పటికే బాతుల్ని చూశాడు. తాడు కట్టడానికి చుట్టూ చెట్టు లేదు, రాట లేదు, చెప్పుకోదగ్గ రాయి కూడా లేదు. అక్కడున్న వాటిలో కదలకుండా, బరువుగా ఉన్నది ఆ మనిషి ఒక్కడే.

"ఏవండీ, మా కుక్కని కాసేపు మీ కుర్చీకి కట్టుకోనా?" అని మెల్లగా అడిగాడు.

టోపీ కిందికీ పైకీ ఆడింది. ఆయన మళ్ళీ అడిగాడు. టోపీ మళ్ళీ ఆడింది.

ఇంత మర్యాదస్తుణ్ణి ముడి గుమాస్తా ఈమధ్య చూడలేదు. నోరు విప్పకుండా అవునన్నాడు! ఆ మనిషి కూర్చునే నిద్రపోతున్నాడనీ, ఆ ఊపు కునికిపాటనీ ఆయనకు తట్టలేదు. వంగి, కుర్చీ ముందుకాలికి తాడు చుట్టి, ఇన్నేళ్ళుగా పార్సిళ్ళకు వేస్తున్న ముడి వేశాడు. వెళ్ళి గాలం విసిరాడు. బెండు నీళ్ళ మీద నిలబడింది. కాసేపు హాయిగా ఉంది.

అంతలో ఒక బాతు ఒడ్డు పక్కగా, చిన్నోడి ముక్కు ముందు నుంచి వెళ్ళింది.

గట్టు వాలుగా ఉంది, గడ్డి మంచుకు తడిసి ఉంది. కుర్చీ జారుతూ వెళ్ళింది. అందులోని పెద్దమనిషి కూర్చున్నవాడు కూర్చున్నట్టే నీళ్ళలోకి ప్రయాణం చేశాడు, టోపీ అయినా చెదరలేదు. మడత కుర్చీ కనుక నీళ్ళలో పడగానే మడతపడింది. మధ్యలో ఆయన ఉన్నాడు.

ముడి గుమాస్తా చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్ళి బిస్కెట్టు తీసి పైకెత్తింది. బాతు ఎలాగూ ఎగిరిపోయింది. చిన్నోడు వెనక్కి తిరిగి బిస్కెట్టును చూశాడు. తాడును, కుర్చీని, కుర్చీలోని మనిషిని వెంట లాక్కుంటూ ఒడ్డు వైపు ఈదాడు.

సరిగ్గా అప్పుడే, సైకిలుకు టీ క్యాను తగిలించుకుని తిరిగే టీ అతను గట్టెక్కాడు. అతను చూసింది ఈ రెండో సగమే.

"కుక్క మనిషిని కాపాడుతోంది! రండి, రండి!" అని అతను వేసిన కేకకు గట్టు మీద గాలాలు వేసుకున్న వాళ్ళంతా పరిగెత్తుకొచ్చారు. నలుగురూ కలిసి పెద్దమనిషిని కుర్చీలోంచి వేరుచేసి కూర్చోబెట్టారు. ఆయన నీళ్ళు కక్కి, కళ్ళు తెరిచి, ఎదురుగా బిస్కెట్టు నములుతున్న చిన్నోణ్ణీ, తాడునూ, కుర్చీనీ చూశాడు.

"నిద్రలో జారిపోయానన్న మాట. ఈ నోరులేని జీవమే లేకపోతే ఏమైపోయేవాణ్ణి!" అన్నాడు గద్గదంగా. "ఇంతకీ తాడు కట్టిందెవరు?"

ముడి గుమాస్తా నిజం చెప్పెయ్యాలనే నిశ్చయించుకున్నాడు. "నేనేనండీ. కుక్కని మీ కుర్చీకి కట్టింది నేనే. తప్పు..."

"నేను మునిగిపోతుంటే కుర్చీకి తాడు కట్టాలని తట్టిందా మీకు! ఎంత సమయస్ఫూర్తి!"

"కాదండీ, మీరు మునగకముందే కట్టాను."

పెద్దమనిషి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. "ముందే ఊహించారా!"

చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. చిన్నోణ్ణి విడిపించాలని ముడితో కుస్తీ పట్టారు, ఎవరివల్లా కాలేదు. చివరికి టీ అతను చాకుతో కోశాడు. అంత గట్టి ముడి తన జన్మలో చూడలేదన్నాడు పెద్దమనిషి. ఆ మాటకు ముడి గుమాస్తాకు, అంత భయంలోనూ, కాస్త గర్వం కలిగింది.

ఇంటికెళ్ళి భార్యకు జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆవిడ చిన్నోడి ఒళ్ళు తుడుస్తూ విన్నది. అయితే టీ అతను అప్పటికే ఆ వీధిలో తాను చూసింది చెప్పి వెళ్ళాడు.

"వాడికి నలుగురిలో పేరొస్తే మీకెందుకండీ అంత కడుపుమంట?" అంది.

మర్నాడు ఆఫీసులో కళ్ళజోడు గుమాస్తా పూలగుత్తి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. కొత్త సూపరింటెండెంటు లోపలికొచ్చాడు. పూలగుత్తి అందుకున్నాడు, స్వాగత వచనాలు మొదలవకముందే దాన్ని తీసుకెళ్ళి ముడి గుమాస్తా చేతిలో పెట్టాడు. నిన్నటి పెద్దమనిషే!

"ఇది మీ కుక్కకి. మీరు ఇక్కడే పనిచేస్తారని తెలిస్తే నిన్ననే ఆఫీసులో చేరిపోయేవాణ్ణి. చెప్పండి, మీకేం కావాలి?"

ముడి గుమాస్తా మళ్ళీ నిజం చెప్పబోయాడు. నోరు తెరిచాక ఆదివారం గుర్తొచ్చింది. చెరువు గట్టు, నీళ్ళ మీద బెండు, ఆ నిశ్శబ్దం గుర్తొచ్చాయి. నిజం గొంతు దాకా వచ్చి అక్కడే కూర్చుంది.

"ఆదివారం సెలవు ఇప్పిస్తే చాలండీ."

"ఇచ్చాను! ఆదివారం డ్యూటీ ఆయనకి" అని సూపరింటెండెంటు ఖాళీ చేతులతో నిలబడ్డ కళ్ళజోడు గుమాస్తాను చూపించాడు. "ఇకనుంచి ప్రతి ఆదివారం మనిద్దరం కలిసే వెళ్దాం. ఇద్దరమేంటి, ముగ్గురం!"

అలా ముడి గుమాస్తా ఆదివారాలు దక్కించుకున్నాడు.

వాటితో ఏం చేసుకోవాలో ఆయనకు త్వరలోనే తెలియకుండా పోయింది. సూపరింటెండెంటు గట్టు మీద కుర్చీ వేసుకున్నది మొదలు నోరు మూసేవాడు కాదు. పాత ఆఫీసుల సంగతులు, మోకాలి నొప్పి, అల్లుడి వాలకం, మళ్ళీ మోకాలి నొప్పి. మాట్లాడీ మాట్లాడీ మధ్యలో నిద్రపోయేవాడు. దీనికి తోడు మరో చిక్కొచ్చిపడింది. కూర్చోగానే ఆయన అడిగే మొదటి కోరిక కుక్కను కుర్చీకి కట్టమని.

"వద్దండీ, ప్రమాదం."

"ప్రమాదం ఉందనే కదయ్యా కట్టమంటున్నాను! ఆ ముడే వెయ్యండి."

పై అధికారి మాట కాదనలేక వేశాడు. బాతు వచ్చింది. సూపరింటెండెంటు నీళ్ళలోకి వెళ్ళాడు. బిస్కెట్టు పైకి లేచింది. సూపరింటెండెంటు ఒడ్డుకొచ్చాడు. మరుసటి ఆదివారమూ అంతే. పడ్డ కొద్దీ ఆయనకు కుక్క మీద నమ్మకం పెరిగింది. అది లేకుండా ఇన్నేళ్ళు ఎలా బతికానా అని ఆశ్చర్యపోయేవాడు. కుక్క ఫొటో ఒకటి పటం కట్టించి ఆఫీసులో తూకం పైన తగిలించాడు. ముడి గుమాస్తాకు మాత్రం తలప్రాణం తోకకొచ్చింది. ఆయన మేలుకుని ఉంటే మాటలు, నిద్రపోతే ఈతలు. మధ్యలో చేపలకు గానీ, నిశ్శబ్దానికి గానీ చోటు లేదు. ఏదో ఒక ఆదివారం బాతు దూరంగా పోయి, చిన్నోడు వెనక్కి రాకపోతే? ఆ ఆలోచనతో ఆయనకు అన్నం సయించడం మానేసింది.

ఆ నెల చివరి ఆదివారం ఆయన ఒక నిర్ణయానికొచ్చాడు. జీవితంలో మొదటిసారి ఊడిపోయే ముడి వేస్తాడు. చిన్నోడు వెళ్తే వెళ్తాడు, కుర్చీ ఒడ్డునే ఉంటుంది. వేళ్ళు ఒప్పుకోలేదు. అలవాటు కొద్దీ బిగించబోతుంటే బలవంతాన సగంలో ఆపేశాడు. ఆ ముడిని చూడ్డానికి ఆయనకే సిగ్గేసింది.

బాతు వచ్చింది. ముడి ఊడింది. చిన్నోడు ఒక్కడే ఈదుకుంటూ అవతలి గట్టుకు చేరాడు. సూపరింటెండెంటు అల్లుడి గురించి ఏదో చెబుతూ చెబుతూ నిద్రలోకి జారుకున్నాడు. కుర్చీ కదల్లేదు. గాలి లేదు, మాట లేదు. నెలరోజుల తర్వాత ముడి గుమాస్తా చెవులకు ఏమీ వినపడలేదు. ఆయనకు సంతోషంతో కళ్ళు చెమర్చాయి.

అప్పుడు సూపరింటెండెంటు గాలానికి చేప పడింది. కర్ర వంగింది. ఆయన కళ్ళు మూసుకునే దాన్ని అందుకోబోయి, ముందుకు తూలి, ఎవరి సాయమూ లేకుండా నీళ్ళలో పడ్డాడు.

ముడి గుమాస్తా బిస్కెట్టు ఎత్తాడు. మొత్తం పొట్లం ఎత్తాడు. అవతలి గట్టున చిన్నోడు అటు తిరిగి బాతుల్ని తరుముతున్నాడు. ఇక ఆలోచించలేదు, బట్టలతోనే దూకేశాడు. మెడలోతు నీళ్ళు, కాళ్ళ కింద బురద, చేతుల్లో భారీకాయం. రెండుసార్లు తనే మునిగి, చివరికి కాలరు పట్టుకుని ఆయన్ను ఒడ్డుకు ఈడ్చాడు. గాలపు కర్ర ఎటుపోయిందో తెలీదు.

సూపరింటెండెంటు కళ్ళు తెరిచి, ముందుగా కుర్చీ కాలికేసి చూశాడు.

"తాడేది?"

"ఊడిపోయిందండీ. నేనే దూకి..."

"మీరు దూకారు, సరే. ముడి సరిగ్గా వేసుంటే మీరు దూకాల్సిన పనేముంది? పార్సిలు ఆఫీసులో ఇన్నేళ్ళుగా ముడులు వేస్తున్నారే! నా ప్రాణం దగ్గరకొచ్చేసరికి ఊడుతుందా?"

అంతలో టీ అతను సైకిలు దిగాడు. ఈసారి కూడా అతను చూసింది కొంతే. "మునుగుతున్న మనిషి మీద ఈయన దూకడం నేను కళ్ళారా చూశానండీ" అని సాక్ష్యం చెప్పాడు.

ఇంటి దగ్గర భార్య తడిబట్టలు పిండుతూ, "వాడు కాపాడినట్టు మీకెక్కడ చేతనవుతుంది? మధ్యలో మీరెందుకు దూరారు?" అంది.

సోమవారం ఉత్తర్వు మారిపోయింది. ఆదివారం డ్యూటీ ముడి గుమాస్తాకు. సూపరింటెండెంటు వెంట చెరువుకు వెళ్ళడం, కుక్కను కుర్చీకి కట్టడం కళ్ళజోడు గుమాస్తాకు. కళ్ళజోడు గుమాస్తా కళ్ళజోడు తీసి తుడుచుకుని, గర్వంగా మళ్ళీ పెట్టుకున్నాడు.

ఆ ఆదివారం తెల్లవారగానే సూపరింటెండెంటు వీధిలో నిలబడి చిన్నోణ్ణి పిలిచాడు. కళ్ళజోడు గుమాస్తా వెనకాలే మడత కుర్చీ మోసుకుంటూ, అప్పుడే మోకాలి నొప్పి గురించి వింటున్నాడు. ముడి గుమాస్తా బిస్కెట్ల పొట్లం అతని జేబులో పెట్టి, తాళంచెవి తీసుకుని ఆఫీసుకు నడిచాడు. ఒంటరిగా శిక్ష అనుభవించబోయే మనిషిలాగే దిగులుగా ఉన్నాడు.

తలుపు తీశాడు. మేకుల చప్పుడు లేదు. తూకం దగ్గర మనుషులు లేరు. ఆదివారం కూడా ఆఫీసు తెరుస్తారని బయట బోర్డు పెట్టించాల్సింది కళ్ళజోడు గుమాస్తా, చెరువుకెళ్ళే ఉత్సాహంలో మరిచిపోయాడు. పార్సిళ్ళు తాను వేసిన ముడులతో అరల్లో నోరు మూసుకుని కూర్చున్నాయి. కిటికీలోంచి ఎండ బల్ల మీద పడుతోంది. ముడి గుమాస్తా కాసేపు నమ్మలేక నిలబడిపోయాడు. మధ్యాహ్నం దాకా ఇక్కడికి ఎవరూ రారు, ఎవరూ మాట్లాడరు. ఇన్నాళ్ళూ తాను వెతుక్కుంటూ ఊరవతలి దాకా వెళ్ళింది ఇక్కడే ఉందని తెలిసి ఆయనకు నవ్వొచ్చింది, పైకే నవ్వాడు.

తర్వాత కుర్చీ లాక్కున్నాడు. కూర్చునే ముందు వంగి, దాని నాలుగు కాళ్ళూ చూసుకున్నాడు.