ప్లాస్మా ద్వారం

మదనపల్లె టమోటా ఇకమీదట కుళ్ళదని మంత్రిగారు పుంగనూరు సభలో ప్రకటించారు. కుళ్ళే దురలవాటును దానికి గత ప్రభుత్వమే నేర్పిందని కూడా సెలవిచ్చారు. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టినవాడు సుదర్శన్.

కొట్టడా మరి. కాలేజీలో ఫిజిక్సు చెప్పే సుదర్శన్ కోల్డ్ ప్లాస్మా మీద డాక్టరేటు చేశాడు. గాలికి హైవోల్టేజి పెడితే అది ప్లాస్మా అవుతుంది, అది సోకిన పండు మీద బూజు చస్తుంది, పండు ఇంకొన్నాళ్ళు నిలుస్తుంది. అందుకొక పెట్టె కూడా తయారుచేశాడు. అతని పేపర్లు జపాన్‌లో చదివారు. పక్కనే ఉన్న కురబలకోట నుంచి మాత్రం ఒక్క రైతూ ఒక్క గంప తెచ్చి ఆ పెట్టెలో పెట్టలేదు. ఆ ఒక్క గంప కోసం సుదర్శన్ మంత్రికేమిటి, మంత్రి డ్రైవరుకైనా దండ వేసేవాడు.

మదనపల్లె మార్కెట్ యార్డులో మంత్రిగారు ఆ పెట్టెను ప్రారంభిస్తారనగా ముందురోజు పార్టీ మండలాధ్యక్షుడు గోపాలస్వామి వచ్చి పెట్టెలోకి తొంగిచూశాడు.

"యాడుండాది సారూ ప్లాస్మా?"

"ఆ సన్నటి ఊదారంగు వెలుతురే. పగలు సరిగ్గా కనపడదు."

"కనపడనిదాన్ని మంత్రిగారు యెట్ల ప్రారంభిస్తారు?"

"కొన్నాళ్ళాగితే పండు మీద కనపడుతుంది."

"అన్నాళ్ళు మంత్రిగారు ఈడనే కూసుంటారా?"

సుదర్శన్ పెట్టె మూత మూశాడు.

సాయంత్రానికి కుప్పం నుంచి పెళ్ళిళ్ళకు లైటింగు వేసే రామప్ప దిగాడు. మార్కెట్ యార్డు గేటుకు ఊదారంగు ఎల్ఈడీ లైట్లతో ఆర్చి కట్టి, పైన మంత్రిగారి ఫోటో పెట్టాడు. దాని పేరు ప్లాస్మా ద్వారం. టమోటా లారీ దాని కిందుగా పోతే చాలు, ట్రీట్‌మెంటు అయిపోయినట్టే. ఫోటోకు అడ్డమని సుదర్శన్ పెట్టెను పక్కకు నెట్టారు.

"ఆ లైట్లే ప్లాస్మా అని మైకులో మీరు చెప్పల్ల సారూ. డాక్టరేటుండేది మీకే గదా," అన్నాడు గోపాలస్వామి.

సుదర్శన్ మనస్సాక్షి లేచి నిలబడింది.

"చెప్తే మీ పెట్టెకు యార్డులో ఒక రూమిస్తాము."

మనస్సాక్షి మర్యాదగా కూర్చుంది.

"విశాల దృష్టితో చూస్తే ప్రతి వెలుగూ ప్లాస్మాయే," అని మర్నాడు మైకులో సెలవిచ్చాడు సుదర్శన్. అంతటి విశాల దృష్టి తనకెప్పుడొచ్చిందా అని తనలో తానే నవ్వుకున్నాడు. లారీలు హారన్లు కొట్టుకుంటూ ద్వారం దాటాయి.

రూము ఇచ్చారు. ఈగలు తప్ప ఎవరూ రాలేదు. చివరకొక ఉదయం కురబలకోట మంగమ్మ నెత్తిన గంపతో వచ్చింది. సుదర్శన్ లేచి ఎదురెళ్ళాడు.

"లారీ లేనోళ్ళకు ఈడ చేస్తారంట గదప్పా," అంటూ ఆమె పెట్టెను చూసింది. "ఇదేంది, లైట్లే లేవు. డూప్లికేటా?"

"అసలుది ఇదేనమ్మా."

"ఆ పొద్దు మైకులో అట్ల చెప్పలేదే నువ్వు."

ఆమె గంప మళ్ళీ ఎత్తుకోబోయింది. సుదర్శన్ పరుగెత్తి, ఆర్చికి మిగిలిన లైట్ల దండ తెచ్చి పెట్టె చుట్టూ చుట్టాడు. అది ధగధగలాడింది. మంగమ్మ మొహం విప్పారింది. టమోటాలు లోపలికి పోయాయి. హమ్మయ్య, తొలి గంప. సుదర్శన్ ప్లాస్మా స్విచ్ వేశాడు. పెట్టె జుమ్మంది. ఘాటుగా ఏదో వాసన వచ్చింది.

"ఏందప్పా ఆ వాసన?"

"ఓజోనమ్మా. ప్లాస్మా పనిచేస్తాంటే వస్తుంది."

"పండ్లకు వాసన పడితే యాపారి ముట్టడు. అది ఆపేసి ఉత్త లైట్లే పెట్టప్పా."

అప్పటికే లైట్లు చూసి ఆమె వెనక ఇంకో నాలుగు గంపలు చేరాయి. సుదర్శన్ ఆ వరుసను తనివితీరా చూశాడు. ప్లాస్మా స్విచ్ ఆపేశాడు.

"తర్వాత ఎవురమ్మా?" అన్నాడు.