కూలెంటుకు రంగు పరీక్ష

రేపల్లె నుంచి తెనాలి ఆసుపత్రికి కిడ్నీ రోగులను తీసుకెళ్లే ఉచిత వ్యానుకు కూలెంటు పరీక్ష అత్యంత వైభవంగా జరిగిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. కూలెంటు అంటే ఇంజిను వేడెక్కకుండా కాపాడే రంగునీళ్లు. నీళ్ల సంగతి మెకానిక్కులు చూసుకుంటారు. రంగు సంగతి చూసుకోవడానికే ప్రజాస్వామ్యం ఉంది.

ప్రభుత్వం మారిన నెలలోపే వాటర్ ట్యాంకు, బస్ షెల్టరు, శ్మశానం గోడ బుద్ధిగా రంగు మార్చుకున్నాయి. వ్యాను బానెట్ కింద మాత్రం పాత పార్టీ రంగు ఇంకా దర్జాగా తిరుగుతోందని వ్యాను కమిటీ కొత్త అధ్యక్షుడు చలపతిరావు గారికి ఎవరో ఉప్పందించారు. ఆయన బాపట్ల నుంచి హుటాహుటిన వచ్చి, కొబ్బరికాయ కొట్టి, బానెట్ ఎత్తించి, లోపలి ప్లాస్టిక్ డబ్బాలోకి తొంగిచూసి నిట్టూర్చారు. డబ్బా మీద నీళ్లు ఎంత ఉండాలో చెప్పే గీతలు రెండున్నాయి. గీతలకు రంగు లేదు కనుక వాటిని ఎవరూ పట్టించుకోలేదు.

"ఇన్నాళ్లూ మన రోగులు ఎవరి నీళ్ల మీద తెనాలి వెళ్లారో తలుచుకుంటే నా గుండె తరుక్కుపోతోంది!" అని ఆయన ప్రసంగించారు.

ఆ పూట వ్యానెక్కిన ఒకే ఒక్క రోగి హుస్సేన్ బీ తల బయటికి పెట్టింది. "ఏంటి నాయనా, ఇంకా ఎంతసేపు? ఒళ్లంతా నీరు పట్టి ఊపిరాడట్లేదు. టైము దాటిపోద్ది."

"ఉండమ్మా, ఇదంతా నీ కోసమేగా!" అన్నారాయన.

కొత్త రంగు క్యాను వచ్చింది. దాని మీద 'ఇతర రంగులతో కలపరాదు' అని రాసి ఉంది. "చూశారా! క్యానుకున్న సిద్ధాంతం కొందరు నాయకులకు లేదు" అన్నారు చలపతిరావు గారు. చప్పట్లు మోగాయి.

ఆ చప్పట్లు ఆగకముందే పాత అధ్యక్షుడు రమేష్ బాబు గారు అనుచరులతో సహా వచ్చి కొత్త కండువా కప్పించుకున్నారు. ఇంటికొచ్చిన పెద్దమనిషి మనసు నొప్పించడం మన సంప్రదాయం కాదు. అందువల్ల ఆయన గౌరవార్థం పాతది పారబోయకుండా, దాని మీదే కొత్తది పోసి, ఫొటోలు దిగారు. డ్రైవర్ నాగూర్ బాషా కూడా నవ్వుతూ నిలబడ్డాడు, ఉద్యోగం కావాలి కదా.

వేమూరు దగ్గర వ్యాను పొగలు కక్కి ఆగిపోయింది. రెండు రంగులూ కలిసి గడ్డకట్టి, ఏ పార్టీకీ చెందని బురద రంగుకు తిరిగాయి. ఆ గడ్డతో తమకెలాంటి సంబంధమూ లేదని ఇద్దరు నాయకులూ ఫోనులోనే సంయుక్త ప్రకటన చేశారు. దారిన పోయేవాళ్లంతా చేరి బానెట్ లోకి తొంగిచూసి, ఇది వాళ్ల రంగంటే వాళ్ల రంగని కొట్టుకునేదాకా వచ్చారు. వ్యానులోకి ఒక్కడూ తొంగిచూడలేదు. నాకైతే ఒళ్లు మండింది.

ఇంతకీ పాత రంగేదో, కొత్త రంగేదో నేనెక్కడా చెప్పలేదు. మీరు మాత్రం రెండో పేరా నుంచీ అదే ఆరా తీస్తున్నారు.

హుస్సేన్ బీని నాగూర్ బాషా అరటిగెలల ఆటోలో ఎక్కించి తెనాలి చేర్చాడు. బతికింది లెండి. మీరు అడగలేదు గాని, నేనే చెబుతున్నాను.