విద్యాసాగర్ గారి చీమలు

ఆ ఆదివారం పొద్దున విద్యాసాగర్ గారు పెట్టుకున్న పని చాలా చిన్నది. ఇంట్లోకి ఆర్గానిక్ సరుకులు ఏ కొట్లో కొనాలో సాయంత్రంలోగా తేల్చెయ్యాలి. తేల్చకపోతే రేపటి నుంచి పప్పు ఉండదని భార్య రాజకుమారి ఖాళీ కందిపప్పు డబ్బా తెచ్చి పేపరు మీద పెట్టి మరీ చెప్పింది.

"నెలకో దుకాణం మారుస్తున్నరు. ఒక నెల నారాయణగూడ, ఒక నెల చిక్కడపల్లి, ఇంకో నెల బాగ్ లింగంపల్లి. ఏదో ఒకటి ఖాయం చెయ్యుండ్రి. ఈ పరేషాన్ నాతోని కాదు."

ఆయన మాత్రం ఏం చేస్తారు? నారాయణగూడ కొట్లో ఏసీ ఉంది, గోనెసంచుల్లో చెక్క గరిటెలున్నాయి, ధర చూస్తే మాత్రం ఆ బియ్యం వండుకోవడానికి కాక దాచుకోవడానికేమో అనిపిస్తుంది. చిక్కడపల్లి సందులోని కొట్లో ధర అందుబాటులోనే ఉంది గాని, ఆ యజమాని దేన్ని చూపించి అడిగినా "ఆర్గానికే సార్" అంటాడు. ఒకసారి చీపురుకట్ట చూపించి అడిగితే దానికీ అదే మాటన్నాడు. ఇక బాగ్ లింగంపల్లిలో ఆదివారం బండి పెట్టే మనిషి అన్నిటికంటే చవగ్గా ఇస్తాడు. సొంత పొలం పంట అంటాడు. పొలం ఎక్కడయ్యా అంటే మాత్రం ఫోన్ చూసుకుంటాడు.

విద్యాసాగర్ గారు రిటైరయ్యేదాకా కాలేజీలో కెమిస్ట్రీ చెప్పారు. పరీక్షించనిదే దేన్నీ నమ్మరు. వచ్చిన చిక్కేమిటంటే, ఆ ఇంట్లో పరీక్షలు నిషేధం. అది పోయిన ఉగాది నుంచి అమల్లో ఉంది.

అశోక్ నగర్‌లోని ఆ అపార్ట్‌మెంటులో వాళ్ల పక్క ఫ్లాటు జగన్నాథరావు, రత్నమాల దంపతులది. కాకినాడ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు. రెండు బాల్కనీలకూ మధ్య నడుమెత్తు గోడ. పొద్దున లేచింది మొదలు ఆ గోడ మీంచి కూర గిన్నెలు అటూ ఇటూ తిరిగేవి, వాటితోపాటు కబుర్లూ తిరిగేవి. ఉగాదినాడు రత్నమాల చుట్టాలందరినీ పిలిచి నేతి బొబ్బట్లు వడ్డించింది. విద్యాసాగర్ గారు జేబులోంచి అయోడిన్ సీసా తీసి తన బొబ్బట్టు మీద నాలుగు చుక్కలు వేశారు. పిండి కలిసిందనడానికి గుర్తుగా అది నీలంగా మారింది. "ఈ నెయ్యి కల్తీదమ్మా," అని నిండు పంక్తిలో ప్రకటించారు. ఆ నీలం రంగు నెయ్యిది కాదనీ, బొబ్బట్టులోని మైదాదనీ ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుండగా ఆయనకే తట్టింది. చెబుదామని వెనక్కి వెళ్తే అప్పటికే తలుపు గడియ పడింది.

ఆనాటి నుంచి గోడ మీద గిన్నెలు లేవు. రాజకుమారి భర్తను పల్లెత్తు మాట అనలేదు. ఒక్కసారి మాత్రం బట్టలు ఆరేస్తూ, "మీకు మీ కెమిస్ట్రీ ఉన్నది. నాకు రత్నమాల ఉండె," అంది. ఆ మాట ఆయన్ని ఇప్పటికీ గుచ్చుతూనే ఉంది.

అలాంటిది, నిన్న జగన్నాథరావు గారు స్వయంగా వచ్చి తమ ఇంట్లో ఇవాళ జరిగే సత్యనారాయణ వ్రతానికి పిలిచివెళ్లారు. రాజకుమారి రాత్రే గద్వాల చీర తీసి మడతలు సరిచేసుకుంది. తర్వాత భర్త చెయ్యి పట్టుకుని, "మల్ల ఏం పరీక్షలు చెయ్యనని ఒట్టెయ్యుండ్రి," అంది.

"అయోడిన్ ముట్టనే ముట్టను రాజీ, ఒట్టు!" అన్నారాయన.

ఆ ఒట్టులో చీమల ప్రస్తావన లేదు. పొద్దున పళ్లు తోముకుంటుండగా ఆయనకు ఈ సంగతి స్ఫురించింది. మందులు కలిపిన బెల్లాన్ని చీమ ముట్టదని ఎక్కడో విన్నారు. లేబొరేటరీ లేని మనిషికి చీమే దిక్కు. మూడు కొట్ల నుంచీ తెచ్చిన బెల్లం ముక్కల్ని మూడు చిన్న స్టీలు పళ్లేల్లో పెట్టి, ఏది ఎవరిదో గుర్తుండటానికి పక్కన ఒకదానికి శనగగింజ, ఒకదానికి పెసరగింజ, ఒకదానికి బఠాణీ ఉంచి, బాల్కనీలో తెల్ల టైల్స్ మీద వరసగా సర్దారు. భార్యకు ఒక్క ముక్క చెప్పకుండా స్నానానికి వెళ్లారు. ఆవిడ ఎప్పటిలాగే బాల్కనీ ఊడ్చి, తుడిచి, తన పని తాను చేసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

స్నానం చేసి వచ్చి ఆయన కుర్చీలో కూర్చున్నారు. పేపరు మొత్తం చదివారు. ఒక్క చీమా రాలేదు. రాజకుమారి శుభ్రత అలాంటిది. ఆ ఇంట్లో చీమ కనపడితే చుట్టం వచ్చినంత వింత. ఇక లాభం లేదని పాత పేపరు, గుప్పెడు చక్కెర పట్టుకుని ఆయనే కిందికి దిగారు.

కాంపౌండు గోడ పక్కన జామచెట్టు కింద చీమలబారు సాగుతోంది. ఆయన పేపరు పరిచి, చక్కెర చల్లి, గొంతుక్కూర్చుని, "రండి, రండి," అంటూ బతిమాలడం మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడే మొదటి అంతస్తు స్వరూప కూరగాయల సంచితో గేట్లోకి వచ్చింది.

"ఏంది సార్, చీమలకు చక్కెర పెడుతున్నరు?"

నిజం చెబితే నిమిషంలో రాజకుమారికి చేరుతుంది. "ఏం లేదమ్మా, ఊకెనే," అన్నారు.

"ఊకెనే ఎవరు పెడతరు సార్?" స్వరూప గొంతు తగ్గించింది. "శని నడుస్తున్నదా?"

గ్రహాలంటే ఆకాశంలో తిరిగేవి తప్ప మనుషుల మీద తిరిగేవి కావని జీవితమంతా వాదించిన విద్యాసాగర్ గారికి, ఆ క్షణాన శని చాలా సౌకర్యంగా కనిపించాడు.

"ఆఁ... జర నడుస్తున్నది."

"అయ్యో! మా తమ్మునికి కూడా గట్లనే ఉండె. చీమలకు పెడితేనే తగ్గింది. ఒట్టి చక్కెర సాలది సార్, రవ్వ కూడా పెట్టాలె." ఆవిడ మనసు వెన్న. సంచిలోంచి కొత్త బొంబాయి రవ్వ ప్యాకెట్టు తీసి, పళ్లతో చింపి, సగం పేపరు మీద గుమ్మరించింది. చెట్టు మొదట్లో ఉన్న చీమలన్నీ కదిలి వచ్చాయి. స్వరూప తృప్తిగా చూసి, మెట్లెక్కుతూ తలుపు తీసి ఉన్న ప్రతి ఇంట్లోనూ సారు కష్టాల గురించి చెప్పి నిట్టూర్చింది.

ఈయన పేపరు నాలుగు మూలలూ పట్టుకుని పైకి వచ్చి, చీమల్ని బాల్కనీలో ఓ మూల దులిపారు. చీమలు సర్దుకున్నాయి. శనగగింజ పళ్లెం దగ్గరిదాకా వెళ్లాయి, వెనక్కి తిరిగాయి. పెసరగింజ దగ్గరిదాకా వెళ్లాయి, వెనక్కి తిరిగాయి. బఠాణీ దగ్గరా అంతే.

"మూడూ మోసమే!" అనుకున్నారు విద్యాసాగర్ గారు, ఒళ్లు మండిపోయి.

ఆ మంట చల్లారకముందే చీమలన్నీ బారుకట్టి మధ్యగోడ ఎక్కసాగాయి. ఆయన లేచి గోడ మీంచి తొంగి చూశారు. అవతల స్టూలు మీద పెద్ద పళ్లెం, దాని మీద పల్చటి బట్ట, బట్ట కింద వ్రతానికి వచ్చేవాళ్లకు పంచడానికి చేసిన బెల్లం సున్నుండలు. ముందు నడుస్తున్న చీమలు అప్పటికే బట్ట అంచు కిందికి దూరుతున్నాయి. ఆయన గోడ మీదికి వంగి, బుగ్గలు పూరించి, ఉఫ్ ఉఫ్ మని ఊదడం మొదలుపెట్టారు.

"ఏంటండీ అన్నయ్యగారూ?"

రత్నమాల! ఉగాది తర్వాత ఆవిడ ఆయనతో మాట్లాడిన మొదటి మాట అది.

"ఏం లేదమ్మా. గాలి... గాలి పీల్చుకుంటున్న."

ఆవిడ ముఖంలో కోపం లేదు, జాలి ఉంది. "స్వరూప చెప్పిందండి. మీకు రోజులు బాగాలేవట కదా. పాత విషయాలు మనసులో పెట్టుకోకండి. మీరూ వదినగారూ ముందే వచ్చేయండి, పంతులుగారికి చూపిద్దాం." అంటూ ఆ పళ్లాన్ని బట్టతో సహా, చీమలతో సహా ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఇటు తిరిగేసరికి రాజకుమారి గద్వాల చీరలో నిలబడి ఉంది. కళ్లు చెమర్చి ఉన్నాయి. "శని నడుస్తున్నదని ఊరంతటికీ చెప్పిన్రు. నాకెందుకు చెప్పలే?"

ఆయన గబగబా చొక్కా వేసుకున్నారు.

వ్రతం ఇంట్లో ఉగాది నాటి చుట్టాలే వరసగా కూర్చుని ఉన్నారు, వాళ్ల వెనక స్వరూప కూడా ఉంది. సున్నుండల పళ్లెం మండపానికి పక్కనే పెట్టారు. పూజ మొదలవకముందే పంతులు సూర్యనారాయణమూర్తి గారు విద్యాసాగర్ గారిని దగ్గర కూర్చోబెట్టుకున్నారు.

"నక్షత్రం?"

"తెలియదండి."

"పోనీయండి. చీమలకు పంచదార పెడుతున్నారట. మంచి పని. ఫలితం ఏమన్నా కనపడిందా?"

విద్యాసాగర్ గారి చూపు బట్ట మీదే ఉంది. బట్ట మెల్లగా కదులుతోంది. "ఇప్పుడిప్పుడే కనపడుతున్నదండి," అన్నారు.

కథ అయింది. హారతి అయింది. రత్నమాల నవ్వుతూ వచ్చి సున్నుండల మీది బట్ట తీసింది. పళ్లెం నల్లగా ఉంది.

వెనక నుంచి రత్నమాల పిన్నిగారు, "ఎక్కడ కొన్నావే సరుకులు? ఆ రోజు నెయ్యి కూడా..." అంటూ మొదలుపెట్టారు. రత్నమాల ముఖం పాలిపోయింది. చేతిలో బట్ట అలాగే ఉంది, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడ చెయ్యి పట్టుకోవడానికి రాజకుమారి ఒక అడుగు ముందుకు వేసి, తనకు ఆ హక్కు ఇంకా ఉందో లేదో తెలియక ఆగిపోయింది. ఆ ఆగిపోవడం చూశాక విద్యాసాగర్ గారు ఇక కూర్చోలేకపోయారు.

"ఆ చీమలు నావి," అన్నారు లేచి.

అందరూ శని ముదిరిందనుకున్నారు. ఆయన మొత్తం చెప్పేశారు. మూడు కొట్లు, మూడు పళ్లేలు, పేపర్లో తెచ్చిన చీమలు. "ఒట్టు తప్పలే రాజీ, అయోడిన్ ముట్టలే," అని కూడా చేర్చారు.

"అయితే శని లేదా?" అంది రాజకుమారి.

"లేదు."

"మరి నా రవ్వ?" అంది స్వరూప.

జగన్నాథరావు గారు దేన్నైనా నెమ్మదిగా అర్థం చేసుకునే మనిషి. "ఉండండి మాస్టారూ. మూడు ఆర్గానిక్ కొట్ల బెల్లం పక్కనే ఉంటే, మీ చీమలు దాన్ని వదిలేసి, గోడెక్కి, మా ఇంటికొచ్చాయా?"

"వచ్చినయి."

"అంటే మా బెల్లం...?"

విద్యాసాగర్ గారు ఇంతవరకు అటువైపు ఆలోచించనే లేదు. కాని ప్రయోగం ప్రయోగమే. "మీదే అసలైన బెల్లం. అనుమానం లేదు. ఇంకో మాట. ఆ రోజు నెయ్యి కూడా మంచిదే. నీలం రంగు మైదాది. తప్పు నాది. అప్పుడే చెప్పాలె, చెప్పలేకపోయిన."

రత్నమాల కళ్లు తుడుచుకుంది. "ఆ మాట ఇంకోసారి చెప్పండి అన్నయ్యగారూ. మా పిన్నికి సరిగ్గా వినపడదు."

ఆయన క్లాసులో చివరి బెంచీకి వినిపించే గొంతుతో మళ్లీ చెప్పారు. పిన్నిగారు తలూపి, "చీమలు తింటే కంటిచూపు బాగుంటుంది, తినండి," అంటూ తనే ముందు ఒక సున్నుండ దులిపి నోట్లో వేసుకున్నారు. రత్నమాల మరొకటి దులిపి రాజకుమారి చేతిలో పెట్టింది, పెట్టిన చెయ్యి వెంటనే తీయలేదు. ఆ బెల్లం ఎక్కడ కొన్నారని నాలుగు వైపుల నుంచీ అడిగారు. చిక్కడపల్లిలోనే ఇంకో సందులో బోర్డు కూడా లేని పాత కిరాణా కొట్టట. ఆర్గానిక్ అనే మాట అక్కడ ఎవరూ అనరట. ధర మామూలే.

మధ్యాహ్నం ఇంటికి వచ్చి విద్యాసాగర్ గారు పళ్లేలు తీద్దామని వంగారు. కళ్లద్దాలు సవరించుకున్నారు. తెల్ల టైల్స్ మీద, మూడు పళ్లేల చుట్టూ, తెల్లటి గీత. ఎక్కడా తెగకుండా, ముగ్గు పెట్టినంత శ్రద్ధగా గీసి ఉంది.

"ఇదేంది రాజీ?"

"చీమల సుద్ద," అంది రాజకుమారి. "రోజూ ఊడ్చినంక గీస్త కదా. మీరు బెల్లం ఎండబెట్టిన్రనుకున్న. చీమలు పడతయని చుట్టూత గీసిన." అంటూ అంటూ ఆగింది. ఇద్దరూ ఆ గీత వంక చూశారు. తర్వాత ఒకరి వంక ఒకరు చూసుకున్నారు.

గోడ అవతల రత్నమాల ఫోన్లో ఎవరికో చెబుతోంది. "మామూలు మనిషి కాదే, కెమిస్ట్రీ లెక్చరరు! అందరి ముందూ చెప్పారు!" ఆ గొంతులో అంత సంతోషం వాళ్లు విని చాలా రోజులైంది.

విద్యాసాగర్ గారు ఒక తప్పు ఫలితానికి మరో తప్పు ఫలితం చెల్లు అనుకున్నారో ఏమో, తడిగుడ్డ తెచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, ఆ గీతను ఆనవాలు లేకుండా తుడిచేశారు. కందిపప్పు డబ్బా చంకన పెట్టుకుని ఆ బోర్డు లేని కొట్టుకు బయల్దేరబోతుంటే గోడ మీద ఒక గిన్నె ప్రత్యక్షమైంది. దాని వెనకే రత్నమాల ముఖం.

"అన్నయ్యగారూ, అదే కొట్లో కందిపప్పు, మినప్పప్పు కూడా తెప్పించాను. రేపోసారి మీ చీమల్ని ఇటు పంపిస్తారా?"

రాజకుమారి సుద్దముక్కను చీర కొంగున ముడేసుకుంటూ, తప్పకుండా పంపిస్తామని చెప్పింది.